వన్స్ మోర్ అంటే భయపడ్డ గాయకుడు

మీలో పద్యనాటకం చూసినవాళ్ళు ఎంతమంది? తక్కువేనని నాకు తెలుసులెండి. హాల్లో హీరో టైటిల్ పడగానే ఈలలేసే వయసు మీది. మీ తాతగారినడగండి, ఆయన చెబుతారు. రాయబారం సీనులో కృష్ణుడు పద్యం ఎత్తుకుని, రాగం తీసి, ఆ చివరి స్వరం మీద నిలబడ్డాడంటే చాలు, పందిరి అదిరిపోయేలా "వన్స్ మోర్!" అని కేకలు పడేవి. పాడాలి మరి! పాడితే మళ్ళీ "వన్స్ మోర్!" తెల్లారి ఊరంతా ఒకటే మాట. "ఫలానాయనకి రాత్రి నాలుగు వన్స్ మోర్లు పడ్డాయిరా!" అంతే. తెల్లారేసరికి ఆయన గొంతు ఎలా ఉందన్న సంగతి ఎవరికీ అక్కర్లేదు.

ఇంతకీ ఇవాళ నేను చెప్పబోయేది నాటకాల సంగతి కాదు. అమెరికాలో ఓ రాక్ బ్యాండ్ కథ. పేరు ఈగిల్స్. అంటే గద్దలన్నమాట! ఎక్కడో విన్నట్టుందా? "హోటల్ కాలిఫోర్నియా" పాట గుర్తు తెచ్చుకోండి. గిటార్ నేర్చుకునే కుర్రాడెవరైనా మీ వీధిలో ఉంటే, ఆ పాట మొదటి తీగలు మీ చెవిన పడకుండా ఉండవు.

ఈ బ్యాండ్‌లోంచి ఎవరు పోయారు, ఎవరొచ్చారు, ఎందుకొచ్చారు అన్న లెక్క నాకు ఎన్నో ఏళ్ళుగా పిచ్చి. మామూలుగా ఈ కథ ఎవరు చెప్పినా గొడవల కథగానే చెబుతారు. ఎవరు ఎవర్ని తిట్టారు, ఎవరు ఎవరిమీద కోర్టుకెళ్ళారు... మసాలాకి లోటు లేదు. నేనూ ఆ మసాలా కొంచెం వడ్డిస్తాను, కోప్పడకండి! కానీ నాకు కావలసిన మనిషి మాత్రం వేరు. బొమ్మలో ఎప్పుడూ ఓ పక్కగా, బేస్ గిటార్ పట్టుకుని నిలబడే ర్యాండీ మైస్నర్.

నలుగురు వాద్యగాళ్ళు

1971లో లాస్ ఏంజెలిస్ సంగతి ఇది. ట్రూబడోర్ అని ఓ క్లబ్బు. మన కోడంబాకంలో వేషాల కోసం కుర్రాళ్ళు తిరిగినట్టు, అక్కడ పాటల కోసం తిరిగేవారు. డెట్రాయిట్ వైపు నుంచి వచ్చిన గ్లెన్ ఫ్రై, టెక్సస్ నుంచి వచ్చిన డ్రమ్ముల డాన్ హెన్లీ అక్కడే కలుసుకున్నారు. ఇద్దరి దగ్గరా డబ్బుల్లేవు. కలలు మాత్రం బస్తాల కొద్దీ ఉన్నాయి!

అప్పుడే పైకొస్తున్న గాయని లిండా రాన్‌స్టాట్‌కి వెనక వాయించే బృందం కావలసి వచ్చింది. ఈ ఇద్దరూ అందులో చేరారు. వీళ్ళతో మరో ఇద్దరు కలిశారు. ఒకడు బెర్నీ లెడన్. గిటార్, బాంజో, మాండొలిన్... తీగలున్నది ఏదిచ్చినా వాయించేస్తాడు. రెండోవాడు నెబ్రాస్కా రాష్ట్రంలో స్కాట్స్‌బ్లఫ్ అనే ఊరివాడు, మన మైస్నర్. తమాషా ఏమిటంటే, ఆమె వెనక ఈ నలుగురూ ఒకే వేదికమీద కలిసి వాయించింది ఒక్కసారే. అదీ డిస్నీలాండ్‌లో!

"మేం సొంతంగా బ్యాండ్ పెట్టుకుంటాం" అంటే మరో గాయని అయితే మండిపడేది. లిండా సరేనంది, సాయం కూడా చేసింది. డేవిడ్ గెఫెన్ కొత్తగా పెట్టిన అసైలమ్ రికార్డు కంపెనీలో చేరారు. లండన్ వెళ్ళి గ్లిన్ జాన్స్ నిర్మాణంలో మొదటి రికార్డు చేశారు. 1972లో "టేక్ ఇట్ ఈజీ" పాట మోగింది. ఇక చూడండి!

వాళ్ళ గొప్పతనం ఎక్కడుందో నా మట్టుకు నేను చెబుతాను. నలుగురూ పాడగలరు. ఒకడు పాట పాడుతుంటే మిగతా ముగ్గురూ గొంతు కలిపితే, ఏ గొంతు ఎవరిదో తెలీనంతగా కలిసిపోయేది. అందులో అన్నిటికన్నా పైన తేలే గొంతు మైస్నర్‌ది. ఇంటికి దూలం లాంటిది బేస్ గిటార్. గాలిపటం లాంటిది ఆ గొంతు. రెండూ ఒక్కడివే.

అన్నట్టు, ఈ మైస్నర్ అంతకుముందు "పోకో" అనే బ్యాండ్ స్థాపకుల్లో ఒకడు. వాళ్ళ మొదటి రికార్డు తయారవుతుంటే చివరి మిక్సింగుకి తనని రానివ్వలేదని 1969లో లేచి వచ్చేశాడు. రికార్డు అట్టమీద అతని బొమ్మ ఉండాల్సిన చోట ఏం వేశారో తెలుసా? కుక్క బొమ్మ! నవ్వొస్తోంది కదూ? నాకూ మొదట నవ్వొచ్చింది. తరవాత రాలేదు.

ఒకరొచ్చారు, ఒకరు వెళ్ళారు

1974లో మూడో రికార్డు చేస్తుండగా, బ్యాండ్‌కి ఇంకాస్త గట్టి రాక్ శబ్దం కావాలనిపించింది. ఒక పాటకి గిటార్ వాయించడానికని డాన్ ఫెల్డర్‌ని పిలిచారు. ఫ్లోరిడాలో లెడన్‌కి చదువుకునే రోజుల్లో నేస్తం. వాయించాడు. మర్నాడే "మాలో కలిసిపో" అన్నారు. నలుగురు ఐదుగురయ్యారు.

కొత్తవాడు వస్తే బలం పెరుగుతుంది, నిజమే. పాతవాడు నిలబడే చోటు ఇరుకవుతుంది, అదీ నిజమే. లెడన్ బాంజో మనిషి. పల్లెపాటల వాసన తెచ్చింది ఆయనే. పాటల్లో గిటార్ల హోరు పెరిగేకొద్దీ బాంజోకి పని తగ్గింది. పైగా ఊపిరాడని ప్రయాణాలు, ఒత్తిడి. చివరికి ఫ్రై తలమీద బీరు ఒంపేసి వెళ్ళిపోయాడని కథ. 1975 చివర్లో ఆయన కథ ముగిసింది. ఆ స్థానంలోకి జో వాల్ష్ వచ్చాడు. జేమ్స్ గ్యాంగ్ బ్యాండ్‌తో అప్పటికే పేరు తెచ్చుకున్న అల్లరి గిటారిస్టు.

ఆ కొత్త జట్టుతో 1976 డిసెంబరులో వచ్చింది "హోటల్ కాలిఫోర్నియా". సముద్రం ఒడ్డున మాలిబులో అద్దె ఇంట్లో కూచుని ఫెల్డర్ ఆ బాణీ టేపు మీద ఎక్కించుకున్నాడు. పాట పేరు ఏమిటో తెలీక ముందు దాన్ని "మెక్సికన్ రెగే" అని పిలుచుకునేవారు! పాట చివర దాదాపు రెండు నిమిషాలు గొంతు ఉండదు. ఫెల్డర్, వాల్ష్ ఒకరి తరవాత ఒకరు గిటార్ అందుకుని, ఆఖర్న ఇద్దరూ కలిసి వాయిస్తారు. అన్నదమ్ములు జోడు కావిళ్ళు మోసినట్టుంటుంది. 1977లో అది అమెరికాలో నంబర్ వన్ అయింది. 1978లో గ్రామీ ఇచ్చారు.

నేను ఆ పాట మొదట విన్నది క్యాసెట్‌లో. కొట్టువాడు మన పాటల మధ్య ఖాళీ ఉందని ఎక్కించి ఇచ్చాడు. గిటార్ల జోడు సరిగ్గా పైకెగిరే వేళకి టేపు అయిపోయేది! ఆ పాట చివర ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

ఆ చివరి స్వరం

ఇక అసలు కథకొద్దాం.

1975 చివర్లో సింగిల్‌గా వచ్చిన ఓ పాట ఉంది. "టేక్ ఇట్ టు ద లిమిట్". మైస్నర్ మొదలుపెట్టి, హెన్లీ, ఫ్రైలతో కలిసి పూర్తిచేశాడు. పాడిందీ మైస్నర్. నెమ్మదిగా, ఊయల ఊగినట్టు నడిచే పాట. చివరికొచ్చేసరికి పల్లవి మళ్ళీ మళ్ళీ తిరుగుతూంటే, మైస్నర్ గొంతు ఒక్కో మెట్టే ఎక్కి, దొంగగొంతులోకి జారి, ఆకాశంలో నిలబడుతుంది. అమెరికా జాబితాలో నాలుగో స్థానం దాకా వెళ్ళింది. కచేరీల్లో ఆ స్వరం దగ్గరికి వచ్చేసరికి జనం లేచి నిలబడేవారు. ఆ ఒక్క స్వరం కోసమే టిక్కెట్టు కొన్నవాళ్ళున్నారు.

ఇదిగో, ఇక్కడే వచ్చింది చిక్కు. స్టూడియోలో ఒక్కసారి పట్టుకుంటే చాలు, రికార్డులో ఆ స్వరం ఎప్పటికీ ఉంటుంది. కచేరీలో ప్రతిరాత్రీ పట్టుకోవాలి. ఈ ఊళ్ళో నిన్న, ఇంకో ఊళ్ళో ఇవాళ, మరో ఊళ్ళో రేపు. జలుబు చేసినా, ఇంట్లో పోట్లాటలున్నా, నిద్రలేకపోయినా! మైస్నర్ సిగ్గరి. వేదిక మధ్యకొచ్చి దీపం వెలుగులో నిలబడటమే ఆయనకి ఇబ్బంది. ఆ స్వరం అందదేమోనన్న బెంగ పట్టుకుంది.

1977 జూన్. టెనెసీ రాష్ట్రంలో నాక్స్‌విల్ నగరం. నెలల తరబడి సాగిన పర్యటన. మైస్నర్‌కి ఫ్లూ, కడుపులో అల్సర్ల బాధ. జనం మళ్ళీ రమ్మని అరుస్తున్నారు. "ఆ పాట నేనివాళ పాడలేను" అన్నాడు మైస్నర్. ఫ్రైకి కోపం వచ్చింది. జనం అడుగుతుంటే పాడకపోవడమేమిటని ఆయన వాదన. తెర వెనక మాటామాటా పెరిగి చేతుల దాకా వెళ్ళింది. ఆ సెప్టెంబరులో మైస్నర్ బ్యాండ్ వదిలేశాడు. తను పుట్టించిన బ్యాండ్, అదీ ప్రపంచమంతా వాళ్ళ పాటే పాడుతున్న రోజుల్లో!

"పిచ్చివాడు!" అంటారా? తొందరపడకండి. మా ట్రూపు సంగతొకటి చెబుతాను.

1980ల్లో నేను మా జిల్లాలో ఓ ఆర్కెస్ట్రాలో రిథమ్ గిటార్ వాయించేవాణ్ణి. పెళ్ళిళ్ళు, చవితి పందిళ్ళు, నవమి ఉత్సవాలు. ట్రూపులో ఓ అన్న ఉండేవాడు. ఆయన గొంతు తారస్థాయికి వెళ్ళిందంటే పందిట్లో ముసలమ్మలు కూడా వక్క నమలడం ఆపేవారు. ప్రతి పందిట్లోనూ ఆయన్ని ఒకటే పాట అడిగేవారు. పది రూపాయల నోటుకి చీటీ గుచ్చి పంపేవారు. పాడితే వన్స్ మోర్. అర్ధరాత్రి దాటాక మళ్ళీ ఇంకో చీటీ!

ప్రోగ్రాం ఉన్న రోజు ఆ అన్న మధ్యాహ్నం నుంచీ మాట్లాడేవాడు కాదు. పెరుగు ముట్టేవాడు కాదు. మిరియాల పాలు, వేణ్ణీళ్ళు. వ్యానులో గొంతుకి తువ్వాలు చుట్టుకుని కూర్చునేవాడు. మేమెవ్వరం నవ్వేవాళ్ళం కాదు. ఆ గొంతే మా అందరి అన్నం.

ఓ ఏడాది పెళ్ళిళ్ళ సీజను మధ్యలో ఆయన మానేశాడు. చుట్టాల ఎరువుల కొట్లో లెక్కలు రాసే పనికి కుదిరాడు. ఇంకో కుర్రాడు వచ్చాడు. బాగానే పాడాడు. జనం అతనికీ వన్స్ మోర్ కొట్టారు.

చాలా ఏళ్ళ తరవాత బస్టాండులో కనిపిస్తే అడిగేశాను. "ఎందుకు మానేశావన్నా?" అని.

"పాడ్డం మానలేదురా. ఇంట్లో పాడుకుంటూనే ఉన్నాను. ఆ పాట టైమొచ్చేసరికి కడుపులో తిప్పేది. నిన్న వచ్చింది, ఇవాళ రాదేమోనని. ఇప్పుడు హాయిగా నిద్రపోతున్నా," అన్నాడు.

మైస్నర్ నాక్స్‌విల్ కథ నేను ఆ తరవాతే తెలుసుకున్నాను. తెలిసిన రోజున నాకు కళ్ళముందు కనిపించింది అమెరికా కాదు, వ్యాను కిటికీ పక్కన తువ్వాలు చుట్టుకున్న మనిషి.

ఫ్రై తప్పంటున్నానా? లేదు. టిక్కెట్టు కొన్నవాడికి పాట బాకీ ఉన్నామనుకునే నాయకుడు లేకపోతే ఏ బ్యాండూ నడవదు. మా ట్రూపు మేనేజరూ అంతే. ఆయన నోట్లు లెక్కపెట్టి తెస్తేనే మా ఇళ్ళల్లో పొయ్యి వెలిగేది. ఇద్దరిదీ న్యాయమే. అందుకే ఆ గొడవ తెగలేదు. ఒకరు వెళ్ళిపోవాల్సి వచ్చింది.

కుర్చీ ఖాళీగా ఉండదు

మైస్నర్ స్థానంలోకి ఎవరొచ్చారో వింటే కథారచయిత కల్పించాడంటారు. తిమోతీ బి. ష్మిట్! పోకో బ్యాండ్‌లో మొదట మైస్నర్‌ని తీసుకుని ఈయన్ని కాదన్నారు. అక్కణ్ణుంచి మైస్నర్ వెళ్ళాక ఆ కుర్చీలో కూర్చుంది ఈయనే. ఇప్పుడు రెండోసారి అదే మనిషి కుర్చీ! బేస్ గిటారూ అంతే, పై గొంతూ అంతే. 1979 నాటి "ద లాంగ్ రన్" రికార్డులో "ఐ కాంట్ టెల్ యూ వై" వినండి. ఇమిటేషన్ కాదు. ఆయన గొంతు ఆయనదే.

తమాషా చూశారా, "హోటల్ కాలిఫోర్నియా" రికార్డులోనే "న్యూ కిడ్ ఇన్ టౌన్" అని ఓ పాట ఉంది. ఊళ్ళోకి కొత్తవాడొస్తే జనం పాతవాణ్ణి ఎలా మర్చిపోతారో చెప్పే పాట. అందులో గొంతుల కూర్పుకి గ్రామీ కూడా వచ్చింది. ఆ గొంతుల్లో మైస్నర్‌ది ఒకటి!

ష్మిట్ వచ్చినా మంట ఆరలేదు. 1980 జులై 31న లాంగ్ బీచ్‌లో ఓ సెనేటర్ కోసం చేసిన కచేరీలో ఫ్రై, ఫెల్డర్ మధురంగా పాడుతూనే, మధ్యలో "ఇంకా మూడు పాటలు... తరవాత నీ పని చెబుతా" అన్న ధోరణిలో బెదిరించుకున్నారు! అక్కడితో బ్యాండ్ పగిలింది. ఆ ఏడాది రావాల్సిన కచేరీ రికార్డుకి మరమ్మతులు ఎలా చేశారంటే, కొందరు లాస్ ఏంజెలిస్‌లో, కొందరు మయామీలో. టేపులు కొరియర్‌లో అటూ ఇటూ తిరిగాయి. గొంతులు కలిశాయి, మనుషులు కలవలేదు.

అదే 1980లో మైస్నర్ సొంతంగా ఓ రికార్డు తెచ్చాడు. దాని పేరేమిటో తెలుసా? "వన్ మోర్ సాంగ్"! ఇంకొక్క పాట! ఆ పేరున్న పాటలో ఆయన వెనక గొంతు కలిపింది ఎవరనుకున్నారు? ఫ్రై, హెన్లీ! నాక్స్‌విల్‌లో చెయ్యి చేసుకున్న మూడేళ్ళకే. ఈ ఒక్క సంగతి కోసం నేను వాళ్ళ మిగతా గొడవలన్నీ క్షమించేస్తాను.

మళ్ళీ కలుస్తారా అంటే నరకం గడ్డకట్టినప్పుడని హెన్లీ అన్నాడట. 1994లో గడ్డకట్టింది! "హెల్ ఫ్రీజెస్ ఓవర్" అని ఆ పేరే పెట్టి తిరిగొచ్చారు. అందులో మైస్నర్‌కి చోటు లేదు. ఫెల్డర్‌కి వాటాల దగ్గర పేచీ వచ్చింది. మొదట్లో అందరికీ సమానం, తరవాత ఫ్రై, హెన్లీలకి ఎక్కువ. 2001లో ఆయన్ని తీసేశారు. ఆయన కోర్టుకెళ్ళాడు. 2007లో రాజీ అయింది.

మధ్యలో ఒక్క రాత్రి మాత్రం అందరూ కలిశారు. 1998 జనవరిలో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నప్పుడు న్యూయార్క్‌లో వచ్చినవాళ్ళు, పోయినవాళ్ళు ఏడుగురూ ఒకే వేదికమీద వాయించారు. లెడన్, మైస్నర్, ఫెల్డర్... అందరూ! రెండే పాటలు. ఆ ఏడుగురూ అలా కలిసి వాయించింది అదొక్కసారే.

2016 జనవరి 18న గ్లెన్ ఫ్రై చనిపోయాడు. బ్యాండ్ ముగిసిందనుకున్నాం. 2017లో ఆయన కొడుకు డీకన్, పల్లెపాటల్లో పెద్దపేరున్న విన్స్ గిల్ వచ్చి చేరారు. తండ్రి పాటలు కొడుకు పాడాడు. మైస్నర్ పాటని గిల్ పాడాడు. 2024 సెప్టెంబరులో లాస్ వేగాస్‌లోని స్ఫియర్‌లో వరసగా కచేరీలు మొదలుపెట్టారు. మొదటి నలుగురిలో ఆ వేదికమీద నిలబడింది హెన్లీ ఒక్కడే.

చప్పట్లు ఎవరికి?

మరి అది ఈగిల్సేనా? నన్నడిగితే అవుననే అంటాను. సురభివాళ్ళ నాటకంలో తాత వేసిన వేషం మనవడు వేస్తే అది సురభి కాకుండా పోతుందా? పేరు నిలబడేది కుర్చీలో కూర్చోడానికి ఇంకొకడు సిద్ధంగా ఉన్నప్పుడే.

కానీ తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇంకో లెక్క కూడా చూడండి. 1976 ఫిబ్రవరిలో వాళ్ళ హిట్ పాటలన్నీ కలిపి ఓ రికార్డు వేశారు. 2018లో అమెరికా రికార్డు పరిశ్రమ సంఘం లెక్క ప్రకారం ఆ దేశంలో అది 3 కోట్ల 80 లక్షలకి చేరి అన్నిటికన్నా పైన నిలిచింది. అందులో వాల్ష్ లేడు, ష్మిట్ లేడు. లెడన్ బాంజో ఉంది. మైస్నర్ బేస్ ఉంది. ఆ చివరి స్వరం ఉంది. వెళ్ళిపోయినవాళ్ళు ఎక్కడికీ వెళ్ళలేదన్నమాట!

మైస్నర్ 2023 జులై 26న కన్నుమూశాడు. వయసు 77. ఆ రాత్రి నేను ఆ పాట పెట్టుకున్నాను. పల్లవి తిరుగుతోంది, గొంతు మెట్లెక్కుతోంది, వెళ్ళి నిలబడింది. ఒక్కసారే విన్నాను. మళ్ళీ పెట్టలేదు. ఆయన్ని వన్స్ మోర్ అడగబుద్ధి కాలేదు.

మీరూ విని చూడండి. విన్నాక ఆ పాట మీకెలా అనిపించిందో ఓ కార్డు ముక్క రాయండి. ఆ స్వరం దగ్గర ఈల వేశారా, ఊరుకున్నారా అన్నది తప్పకుండా రాయండి!